ఆగస్టు 9 ఫ్లెక్సీ మీద నీలం మొహం వద్దు



పోస్టు కొంచెం పెద్దదే. ఓపిక చేసుకుని చదవండి. తిట్టాలనిపిస్తే తిట్టండి గానీ, చివరిదాకా చదివి తిట్టండి.

ఆగస్టు 9కి తణుకులో కట్టబోయే ఫ్లెక్సీ నమూనా మొన్న గ్రూపులో పెట్టారు. ఎడమ పక్క ‘అవతార్’ సినిమాలోని నావీ అమ్మాయి నీలం మొహం. కుడి పక్క ‘కల్కి 2898 ఏడీ’లోని శంబల. మధ్యలో విల్లు పట్టుకున్న ఒక నల్లటి నీడ. కింద ‘ఈ నేలకు మొదటి బిడ్డలం’ అని అక్షరాలు. లైకులు బాగానే పడ్డాయి. ఈ బొమ్మలు వద్దని మేము అంటే, ‘మీకు సినిమా చూడటం రాదు, సింబాలిజం అర్థం కాలేదు’ అని ఒక అన్న రాశాడు. ‘హాలీవుడ్ వాడే మన కథ తీస్తే మీకేం నొప్పి’ అని ఒక తమ్ముడు అడిగాడు.

సరే, సింబాలిజం గురించే మాట్లాడుకుందాం.

మేము ఆరుగురం. చింతూరు, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు వాళ్ళం. ఐదుగురం కోయ, ఒకరు కొండరెడ్డి. చదువుకీ పనికీ వచ్చి తణుకులో గదులు తీసుకుని ఉంటున్నాం. సినిమాల మీద మాకు కోపం ఏమీ లేదు. 2024 జూన్ 27న కల్కి రిలీజ్ అయితే ఆ వారంలోనే ఇక్కడ హాల్లో చూశాం. ప్రభాస్ వాళ్ళది మొగల్తూరు. ఈ జిల్లాలో ఆయన సినిమా అంటే ఇంట్లో పెళ్ళిలాగే ఉంటుంది. మేమూ ఈలలు వేశాం, కాగితాలు చింపి ఎగరేశాం. దాచుకోవడం ఎందుకు.

తర్వాత ఫోనులో ఆపి ఆపి రెండుసార్లు చూశాం. అప్పుడు మాకు తోచింది ఇది. ఆ బొమ్మలు మన గురించి మాట్లాడుతున్న మాట నిజమే. కానీ మనం అనుకుంటున్న చోట కాదు. మనల్ని గౌరవిస్తున్నట్టు కనబడే చోట మన వేషం వాడుకున్నాయి. మన ఊసే లేని చోట మన కథ మొత్తం చెప్పేశాయి. ఫ్లెక్సీ మీదకు మనం తెచ్చుకుంటున్నది ఆ మొదటి రకం బొమ్మల్ని. మా గొడవ అదే.

ముందు తలకిందులు పిరమిడ్ సంగతి చూద్దాం.

కల్కిలో ప్రపంచం అంతా పోయి కాశీ ఒక్కటే మిగిలింది. గంగ ఎండిపోయింది. జనం దుమ్ములో బతుకుతుంటారు. ఆ ఊరి నెత్తి మీద, ఆకాశంలో, తలకిందులుగా ఒక పిరమిడ్ నిలబడి ఉంటుంది. దాని పేరు కాంప్లెక్స్. భూమ్మీద ఉండాల్సిన నీళ్ళు, చెట్లు, ఆఖరికి సముద్రం కూడా దాని లోపలే ఉన్నాయి. అందులోకి పోవాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి.

దీనికి అందరూ చెప్పే అర్థం ఒకటే: పైన ఉన్నోడు, కింద లేనోడు. తప్పు కాదు. కానీ అంతే చెప్పాలంటే మామూలు పిరమిడ్ చాలు కదా. తిరగేసి ఎందుకు పెట్టారు? మామూలు పిరమిడ్‌కి అడుగు వెడల్పు, కొన సన్నం. దాని బరువు అదే మోసుకుంటుంది. తిరగేస్తే వెడల్పంతా పైకి పోతుంది, నేల వైపు కొన ఒక్కటే ఉంటుంది. అది తన కాళ్ళ మీద తాను నిలబడేది కాదు. జలగను గుర్తు చేసుకోండి. ఒళ్ళు ఎంత ఉబ్బినా మనకు అంటుకునే నోరు మాత్రం ఇంతే ఉంటుంది. ఆ ఆకారం వానాకాలంలో వాగుల్లో దిగినోళ్ళకు బాగా తెలుసు.

అయినా మొదటిసారి చూసినప్పుడు అది మన కథ అని మాకు తట్టలేదు. కారణం, దిక్కు వేరు. సినిమాలో నీళ్ళు పైనున్నోడి దగ్గర ఉన్నాయి, కిందోడు ఎండిపోయాడు. గోదారి మీద అలా కాదు. ఎగువన ఉన్నది మనం, దిగువన ఉన్నది డెల్టా. నీళ్ళు కిందకే పోతాయి. మనకు వచ్చేది ఎండ కాదు, మునక. బొమ్మని ఒకసారి తిరగేసి పట్టుకోండి, అప్పుడు కనబడుతుంది.

లెక్కలు మీకు తెలిసినవే, అయినా ఒకచోట పెడతాం. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. నిల్వ 194.6 టీఎంసీలు. గేట్లు 48. కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైన, అందులో సుమారు సగం ఆదివాసీలవే. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు మునిగే మండలాలను ఖమ్మం జిల్లా నుంచి తీసి ఈ రాష్ట్రంలో కలిపారు. ఊళ్ళు మునగడానికి ముందే రాష్ట్రం మారింది. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులు వచ్చింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. ఆ వారం మన మండలాల్లో జనం గుట్టల మీద టార్పాలిన్ల కింద ఉన్నారు. ఆ నీళ్ళు చూసినోడికి కాంప్లెక్స్ ఏంటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు సినిమాలో ఇంకో బొమ్మ చూడండి. దాని మీద మన గ్రూపులో ఒక్కరూ మాట్లాడలేదు.

దీపిక వేసిన పాత్ర పేరు మొదట పేరే కాదు, ‘ఎస్‌యూఎం 80’. ల్యాబులో ఆడవాళ్ళందరికీ అలాంటి నంబర్లే. వాళ్ళ కడుపులో ఉన్నది తీసుకుని పైనున్నోడు బతుకుతాడు. ఆ నంబరు నుంచే ఆమెకు సుమతి అనే పేరు వస్తుంది. సినిమా మొత్తంలో మా గుండెకు తగిలింది ఇదే. చిన్నప్పుడు మేము పీడీఎఫ్ అంటే ఫోనులో తెరుచుకునే ఫైలు అనుకునేవాళ్ళం. ఆఫీసులో పీడీఎఫ్ అంటే ప్రాజెక్టు డిస్‌ప్లేస్డ్ ఫ్యామిలీ. అమ్మ, నాన్న, మేకలు, జీలుగు చెట్టు, తాత సమాధి రాయి అన్నీ కలిపి ఒక పీడీఎఫ్. మీదే ఊరు అని అడిగితే మన వాళ్ళు ఇప్పుడు ఏమంటున్నారో గమనించారా? ‘మాది 41.15 లోపు’, ‘మాది 45.72లో పడుద్ది’ అంటున్నారు. ఊరి పేరు తర్వాత, కాంటూరు ముందు. కటాఫ్ తేదీకి 18 నిండితే నువ్వు విడి కుటుంబం, ఒక్క నెల తక్కువైతే నువ్వు లెక్కలో లేవు. నంబరు నుంచి పేరుకి రావడం ఆ సినిమాలో జరుగుతుంది. మనం పేరు నుంచి నంబరుకి పోతున్నాం.

ఆ నంబరు బొమ్మ ఎవరూ ఫ్లెక్సీ మీద పెట్టరు. శంబల పెడతారు. ఎందుకంటే శంబల అందంగా ఉంటుంది.

శంబలకు వెళ్ళేముందు ఒక చేదు మాట చెప్పాలి. ఇది మా మీద మేము చెప్పుకునేది.

కల్కి చూసి బయటికి వచ్చి గోస్తనీ వంతెన మీద నిలబడ్డాం. జూన్ నెలాఖరు, కాలవ నిండా ఎర్రనీళ్ళు పారుతున్నాయి. సార్వా దమ్ములు మొదలయ్యాయి. మాలో ఒకడు, ‘ఒరే, మనం ఇప్పుడు కాంప్లెక్స్ లోపలే ఉన్నాం కదరా’ అన్నాడు. ఎవరం నవ్వలేదు.

నిజమే కదా. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. ఆ నీళ్ళతో ఈ నేల ధాన్యాగారం అయింది. ఇక్కడ ఊరూరా ఆయన విగ్రహం ఉంది, దండలు వేస్తారు. మేము తప్పు పట్టం, కరువు చూసిన జనం వాళ్ళు. ఎండాకాలం దాళ్వా వరి గట్టెక్కాలంటే డెల్టా ఎటు చూస్తుందో తెలుసా? సీలేరు వైపు. మన కొండల్లో కరెంటు తీశాక వదిలిన నీళ్ళు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదారిలో కలిసి, ధవళేశ్వరం చేరి, ఈ కాలవల్లో పడతాయి. తణుకులో మేము తినే అన్నం ఆ నీళ్ళదే. పోలవరం పూర్తయితే ఈ డెల్టాకి ఇంకా భరోసా వస్తుంది. మేము చదువుకునేది, ట్యూషన్ చెప్పి నాలుగు డబ్బులు సంపాదించుకునేది, కాలవ గట్టున టీ తాగేది ఆ భరోసా మీదే.

కల్కిలో భైరవ ఎవరు? హీరో. కానీ సినిమా మొదటి నుంచీ అతనికి ఉన్న కోరిక ఒకటే, యూనిట్లు పోగేసి కాంప్లెక్స్‌లోకి పోవాలి. దానికోసం సుమతిని పట్టి ఇవ్వడానికి కూడా రెడీ. ఆ పాత్రను చూసి హాలంతా నవ్వింది, మేమూ నవ్వాం. భైరవ ఎవరో కాదు, మనమే. ఉద్యోగం రాగానే ఊరి మీటింగులకు రావడం మానేసిన అన్న భైరవ. ప్యాకేజీ డబ్బులతో బండి కొనుక్కుని, సంతకం పెట్టనోళ్ళను ఎగతాళి చేసిన మన బావ భైరవ. ఇక్కడ క్లాసులో ‘మీది ఏ ఊరు’ అంటే భద్రాచలం అని చెప్పి అసలు పల్లె పేరు మింగేసిన మేము కూడా భైరవలమే. సింబాలిజం అర్థం చేసుకోవడం అంటే ఎదుటోడిలో విలన్ని వెతకడం ఒక్కటే కాదు, అన్నా. బొమ్మలో మనం ఎక్కడ నిలబడ్డామో చూసుకోవడం కూడా.

ఇప్పుడు శంబలకు పోదాం.

‘శంబలలో ఉన్నది మన వాళ్ళే, మట్టి రంగు బట్టలు, పూసలు, గుంపుగా బతకడం, దాక్కుని పోరాడటం’ అని గ్రూపులో రాశారు. వేషం వరకు ఒప్పుకుంటాం. కానీ ఆ జనం ఎదురుచూసేది ఎవరి కోసం? వాళ్ళను కాపాడేది ఎవరు? కథ మహాభారతం నుంచి 2898 దాకా, ఆరు వేల ఏళ్ళు. అన్నేళ్ళు దాటి వచ్చినోళ్ళు అశ్వత్థామ, కర్ణుడు. తెర మీద కృష్ణుడు ఉన్నాడు, అర్జునుడు ఉన్నాడు. మన పక్క నుంచి ఒక్కడు లేడు. తెలుగు సైన్స్ ఫిక్షన్‌కి ఇది కొత్త కాదు. 1991లో ‘ఆదిత్య 369’ వచ్చింది. గొప్ప సినిమా, మా నాన్నల కాలంలో అందరూ చూశారు. కాలయంత్రం వెనక్కి పోతే రాయలవారి కాలంలో దిగుతుంది, ముందుకు పోతే 2504లో దిగుతుంది.  మన తెలుగు కాలయంత్రానికి మన ఊరి స్టేజీ లేదు.

అశ్వత్థామ నుదురు చూడండి. కెమెరా ఎన్నిసార్లు ఆ గాయం మీదకు పోయిందో లెక్కపెట్టండి. మణి కోసేసిన గుర్తు అది. ఉత్తర కడుపులో బిడ్డ మీదకు అస్త్రం వేసినందుకు శిక్ష. ఆ గాయంతో వేల ఏళ్ళు తిరిగి, ఇంకో తల్లి కడుపును కాపాడి పాపం కడుక్కుంటాడు. మంచి బొమ్మే, అమితాబ్ నిలబడితే మాకూ ఒళ్ళు జలదరించింది. కానీ ఈ అశ్వత్థామ ఎవరి కొడుకు? ద్రోణుడి కొడుకు. ద్రోణుడు ఎవరి వేలు తీసుకున్నాడు? నిషాదుల రాజు కొడుకు ఏకలవ్యుడిది. అదే మహాభారతంలో రెండు గాయాలు ఉన్నాయి. ఒకటి వేలు తీసుకున్నవాడి కొడుకు నుదుటి మీద, ఇంకొకటి వేలు ఇచ్చినవాడి చేతి మీద. ఒక గాయానికి క్లోజప్, విముక్తి. ఇంకో గాయం తెర మీదకే రాలేదు. మన పిల్లల రెసిడెన్షియల్ స్కూళ్ళకు మాత్రం ఏకలవ్య అని పేరు పెట్టారు. పేరు మనకు, కథ వాళ్ళకు.

తణుకు వాళ్ళు నన్నయ మా ఊరివాడే అని గర్వంగా చెప్పుకుంటారు. రాజరాజ నరేంద్రుడి కొలువులో మహాభారతాన్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టినవాడు ఆయన. ఆది పర్వం, సభా పర్వం, అరణ్య పర్వంలో కొంత ఆయనవి. ఏకలవ్యుడి వేలు ఆ ఆది పర్వంలోనే ఉంది. ఖాండవ దహనం కూడా అందులోనే ఉంది. అంటే, మనల్ని కోసిన కథ, మనల్ని కాల్చిన కథ తెలుగులో మొట్టమొదట రాసినవాణ్ణి ఈ ఊరు తనవాడు అంటుంది. ఇది నన్నయ మీద కోపంతో అనడం లేదు. ఆయన దాచకుండా రాశాడు. మనమే చదవలేదు.

ఖాండవం ఎందుకు చెప్పామంటే, సినిమా ఆఖరి బొమ్మ దాంతో ముడిపడి ఉంది. సుమతి దగ్గర తీసిన ఒక్క చుక్కతో సుప్రీం యాస్కిన్ మళ్ళీ బలం తెచ్చుకుంటాడు. అప్పటిదాకా ఎవరికీ కదలని గాండీవాన్ని ఎత్తుతాడు. హాల్లో అందరూ ‘అయ్యో, అర్జునుడి విల్లు విలన్ చేతిలో పడిందే’ అనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం. తర్వాత గాండీవం అర్జునుడికి ఎలా వచ్చిందో వెతికాం. అగ్నిదేవుడు ఖాండవ వనాన్ని తినాలని అడిగితే, ఆ పని చేయడానికి వరుణుడి దగ్గర నుంచి తెప్పించి ఇచ్చిన విల్లు అది. ఆ విల్లు చేసిన మొదటి పని అడివిని కాల్చడం. నాగులు, జంతువులు, పిట్టలు బయటికి పారిపోతుంటే బాణాలతో కొట్టి మళ్ళీ మంటలోకి నెట్టడం. ఆ కాలిన చోటి నుంచే ఇంద్రప్రస్థం మయసభ కథ మొదలవుతుంది. కాలింది జంతువులు మాత్రమే కాదు, అక్కడ బతికిన అడివి జనం కూడా అని ఇరావతీ కర్వే ‘యుగాంత’లో ఏనాడో రాసింది.

అందుకే మా లెక్కలో గాండీవం విలన్ చేతికి ‘పోలేదు’. అది మొదటి నుంచీ చేయాల్సిన పనే చేయడానికి సరైన చేతికి వచ్చింది. డైరెక్టర్ అలా అనుకుని తీశాడని మేము అనం. బొమ్మ తీసినోడి చేతిలోంచి బయటికి వచ్చాక, చూసేవాడి బతుకు కూడా దానికి అర్థం అవుతుంది. అగ్రవర్ణం పిల్లోడికి ఆ విల్లు పోగొట్టుకున్న ఆస్తి. మనకు అది నిప్పు పెట్టిన చెయ్యి. ఒకే బొమ్మ, రెండు చూపులు. మన చూపుతో చూడటం చేతకాక వాళ్ళ చూపుతో చప్పట్లు కొడుతున్నాం.

ఫ్లెక్సీ మధ్యలో నల్లటి నీడ చేతిలో పెట్టిన విల్లు ఎవరిదో, ఇక మీరే ఆలోచించండి.

ఇక నీలం మొహం.

‘అవతార్’ 2009 డిసెంబరులో వచ్చింది. అప్పటికి మేము చిన్న పిల్లలం. పెద్దయ్యాక చూశాం. ఊరు మొత్తం బతికే మహా చెట్టును మిస్సైళ్ళతో పడగొట్టే సీనులో మాలో ఇద్దరు ఏడ్చారు. ఆ ఏడుపు అబద్ధం కాదు. కానీ చెట్టు పడ్డాక ఏం జరిగిందో గుర్తుందా? ఆ జనంలో పుట్టి పెరిగినోళ్ళు ఎవరూ దారి చూపలేదు. బయట నుంచి వచ్చిన సైనికుడు, మొదట గూఢచారిగా వచ్చినవాడు, ల్యాబులో తయారు చేసిన మన ఒళ్ళు తొడుక్కుని, మూడు నెలల్లో మన భాష, మన వేట నేర్చుకుని, మనకే నాయకుడు అయ్యాడు. అంత తేలిగ్గా లొంగని పెద్ద పిట్టను కూడా వాడే లొంగదీశాడు. ‘అవతార్’ అనే మాటకు అర్థమే అది, ఒకడు ఇంకొకడి ఒంట్లోకి దిగడం. బోగస్ ఎస్టీ సర్టిఫికెట్ల మీద ధర్నాలు చేసిన మనం, మన ఒళ్ళు తొడుక్కున్నోడి సినిమాను ఆదివాసీ దినోత్సవం ఫ్లెక్సీ మీద పెట్టుకుంటామా? కాస్త నవ్వు రావట్లేదా?

ఇంకోటి, ఆ నీలం జనానికి తోకలు ఉన్నాయి. మా ఊరి పెద్దమ్మకు ఫోనులో ఆ బొమ్మ చూపించి ‘ఇది మనమేనంట’ అంటే, ఆమె కాసేపు చూసి, ‘తోక ఎవురు పెట్టార్రా మనకి?’ అంది. అంతకన్నా మంచి సినిమా విమర్శ మేము చదవలేదు.

‘మరి నియంగిరి?’ అని అడుగుతారు. అడగాలి. 2010లో ఒడిశా డోంగ్రియా కోంధుల కోసం ఒక అంతర్జాతీయ సంస్థ అమెరికా సినిమా పత్రికలో ప్రకటన వేసి జేమ్స్ కామెరూన్‌కి విజ్ఞప్తి చేసింది, మీ అవతార్ కథ ఇక్కడ నిజంగా జరుగుతోంది, సాయం చేయండి అని. దాంతో ప్రపంచం ఒకసారి ఇటు చూసిన మాట నిజం. కానీ కొండను కాపాడింది నీలం మొహం కాదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీం కోర్టు గ్రామసభలను అడగమంది. ఆ తర్వాత పన్నెండు ఊళ్ళ గ్రామసభలు జరిగాయి. జడ్జి ముందు, పోలీసుల ముందు ముసలమ్మలు లేచి, ఈ కొండ మా నియమరాజుది, ఇవ్వం అని తమ కువి భాషలో చెప్పారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. బాక్సైట్ గని ఆగింది. వాళ్ళు సినిమాను గునపంలా వాడారు, పని అయ్యాక పక్కన పెట్టారు. మనం గునపాన్ని దేవుడి గదిలో పెట్టి పూజ చేద్దాం అంటున్నాం.

ఇక మీరు అడగబోయే రెండు ప్రశ్నలకు జవాబులు.

ఒకటి: ‘సినిమాని సినిమాలా చూడొచ్చు కదా, ఇంత లోతుకు పోవాలా?’ చూడొచ్చు. ఈలలు వేయొచ్చు. మేము వేశాం, రెండో భాగం వస్తే మళ్ళీ వేస్తాం. కానీ హాల్లో కుర్చీ వేరు, ఫ్లెక్సీ వేరు. 1982 ఆగస్టు 9న ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల మీద పనిచేసే బృందం మొదటిసారి కూర్చుంది. ఆ గుర్తుగా 1994లో ఆ రోజును ప్రపంచ ఆదివాసీ దినంగా ప్రకటించారు. ఏడాదిలో ఆ ఒక్క రోజే తణుకు సెంటర్లో మనల్ని జనం తల ఎత్తి చూస్తారు. వాళ్ళు చూసేది తోకలున్న నీలం బొమ్మ అయితే, మనం కూడా ఒక సినిమా అని, గ్రాఫిక్స్ అని అనుకుంటారు. నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు.

రెండు: ‘డెల్టా వాళ్ళతో గొడవ ఎందుకు, ఇక్కడే బతుకుతున్నాం కదా?’ గొడవ వద్దనే మేమూ అంటున్నాం. ఇక్కడ వరి కోసే కూలీ, అప్పుల్లో ఉన్న కౌలు రైతు కాంప్లెక్స్ యజమానులు కారు. మా గది ఓనరు ఆంటీ, వరదలప్పుడు మాలో ఒకడి అమ్మానాన్నలకు బియ్యం, దుప్పట్లు కట్టి పంపింది. ఆమెకు తెలియనిది ఒక్కటే, కాలవలో నీళ్ళు ఏ ఊళ్ళ మీదుగా వస్తున్నాయో. తెలియకపోవడం ఆమె తప్పు కాదు. ఇన్నేళ్ళు పక్కనే ఉండి చెప్పకపోవడం మా తప్పు. నీలం మొహం పెడితే ఆమె ‘భలే ఉంది బాబూ’ అంటుంది. ఊళ్ళ పేర్లు పెడితే, ‘ఇవి ఏ ఊళ్ళు బాబూ?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న మనకు కావాలి.

మరి ఏం పెడదాం? వద్దు అనడం తేలికే, అందుకని మా ప్రతిపాదన కూడా రాస్తున్నాం.

మనకు బొమ్మల్లేవా? కోయ ఇలవేల్పుల పడిగె చూడని వాళ్ళు ఎవరైనా ఉన్నారా? త్రికోణం గుడ్డ, దాని మీద కుట్టిన మనుషులు, జంతువులు. కొలుపులప్పుడు డోలీలు దాన్ని విప్పి, ఒక్కో బొమ్మ చూపిస్తూ, ఆ గట్టు వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో, ఏ వాగు దాటారో, ఎవరు ఎవరికి వియ్యమో పాడతారు. అది మన సినిమా. కాంప్లెక్స్ కూడా త్రికోణమే, పడిగె కూడా త్రికోణమే. ఒకటి ఊళ్ళను పీల్చి తయారైంది, ఇంకొకటి ఊళ్ళను గుర్తుపెట్టుకోవడానికి తయారైంది. తెర మీద సింబల్స్ చదవడానికి గంటలు పెడుతున్న మనలో, మన గట్టు పడిగె మీద ఏ బొమ్మ ఎందుకుందో చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది? మా ఆరుగురిలో కోయ ఐదుగురం, చెప్పగలిగింది ఒక్కడు. వాడు కూడా సగమే.

అయితే పడిగెను ఫోటో తీసి ఫ్లెక్సీ మీద అచ్చు వేయమని మేము అనం. అది ఇలవేల్పుది, పెద్దల మాట లేకుండా రోడ్డు మీద కట్టేది కాదు. కొమ్ము డోలు సంగతి ఏమైందో చూశాం కదా. పెళ్ళిళ్ళకు, పండగలకు కట్టుకున్న కొమ్ములు, ఇప్పుడు ఎవరో నాయకుడు హెలికాప్టర్ దిగితే కట్టుకునే కొమ్ములు అయ్యాయి. ఇంకోదాన్ని అలా చేయొద్దు. పడిగె నుంచి మనం తీసుకోవాల్సింది దాని పద్ధతి, గుడ్డ మీద ఊరి జాడ పెట్టడం.

కాబట్టి ఫ్లెక్సీ తెల్లగా ఉండనిద్దాం. దాని మీద ఒకే ఒక నీలం గీత ఉంటుంది, గోదారి. కొండల్లోంచి మొదలై తణుకు కాలవ దాకా. సీలేరు, శబరి వచ్చి కలిసే చోట్లు అందులో ఉండాలి. గీతకు అటూ ఇటూ మునిగే ఊళ్ళ పేర్లు, మనం పిలుచుకునే పేర్లతో, ఒక్కో పేరు ఆ ఊరివాడి చేతిరాతతో. కాంటూరు నంబరు వద్దు. చివర, గీత ఆగే చోట, ‘మీరు ఇక్కడ ఉన్నారు’ అని రాద్దాం. బస్టాండ్ మ్యాపుల్లో రాస్తారే, అలాగ. చూసే తణుకు మనిషి ఆ గీతకు ఏ కొసన ఉన్నాడో అతనికే తెలుస్తుంది. మనం ఏ కొస నుంచి ఏ కొసకు వచ్చామో మనకు తెలుస్తుంది.

ఖర్చు అంతే. పైగా రంగు తక్కువ పడుతుంది.

దీనికి కావాల్సింది ఒకటే. ఈ ఆదివారం లోపు ఎవరి ఊరి పేరు వాళ్ళు, ఇంట్లో ఫోన్ చేసి అమ్మనో తాతనో అడిగి, వాళ్ళు పిలిచే పేరు ఏదో తెలుసుకుని, కాగితం మీద చేత్తో రాసి, ఫోటో తీసి పంపండి. ఊరు ఇప్పటికే ఖాళీ అయిపోయిన వాళ్ళు ముందు పంపండి. కాలనీ పేరు వద్దు, ఊరి పేరు. గుంపు పేరు ఉంటే అదీ. వాగు పేరు గుర్తుంటే అదీ.

నీలం మొహమే కావాలి అనేవాళ్ళు కూడా పంపండి. పేర్లన్నీ వచ్చాక రెండు నమూనాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. అప్పుడు కూడా మీకు నీలం మొహమే నచ్చితే, మేమే నిచ్చెన ఎక్కి కడతాం.

జై ఆదివాసీ.